షేర్లలో పెట్టిన డబ్బును కంపెనీ తిరిగి ఇస్తుందా?

ప్రశ్న: మా బంధువు తన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో 3 లక్షల రూపాయలకు షేర్లు తీసుకోమంటున్నారు. రెండేళ్లలో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు ఆ డబ్బు కావాలి. అడిగితే కంపెనీ తిరిగి ఇస్తుందా? కంపెనీ మునిగితే దాని అప్పులు మా మెడకు చుట్టుకుంటాయా?

జవాబు: రెండో సందేహం తేలికగా తీరేదే. షేర్ల సొమ్ము పూర్తిగా చెల్లించి, కంపెనీ అప్పులకు హామీ సంతకాలు పెట్టకుండా ఉంటే, మీ నష్టం ఆ 3 లక్షలకు మించదు. మొదటి ప్రశ్నకు మాత్రం 1602 నాటి ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లాలి.

అంతకుముందు తూర్పు దేశాలకు ఓడలు పంపే వర్తకులు యాత్రకోసారి సొమ్ము పోగుచేసి, ఓడ తిరిగొచ్చి సరుకు అమ్ముడయ్యాక అసలూ లాభమూ పంచుకుని లెక్క ముగించేవారు. ఆ ఏడాది ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఈ పద్ధతి సరిపోలేదు. మన మచిలీపట్నంలో బట్టలు కొని, వాటిని తూర్పు దీవుల్లో మసాలా దినుసులకు మార్చుకునే వ్యాపారం ఒక్క యాత్రతో తెమిలేది కాదు. వాటాలకు సొమ్ము పెడతామని పేర్లు రాయించుకునే, ఆగస్టు 31న ముగిసిన చందా పుస్తకంలో ఒక్క ఆమ్‌స్టర్‌డామ్‌లోనే 1,143 మంది చేరారు. ఆ పుస్తకం ఉంచిన డైరెక్టరు ఇంటి పనిమనిషి కూడా 100 గిల్డర్లు (నాటి డచ్ నాణేలు) రాయించుకుంది. పదేళ్లకు లెక్కలు చూపి, కోరినవారికి సొమ్ము తిరిగిస్తామన్న హామీ ఉండేది. తీరా 1612 వచ్చేసరికి ప్రభుత్వమే కంపెనీని ఆ బాధ్యత నుంచి తప్పించింది. తొలి డివిడెండ్ (లాభంలో వాటాదారులకు పంచే భాగం) 1610లో ఇచ్చారు, అదీ జాపత్రి రూపంలో! నగదు కావలసిన వాటాదారు మరొకరికి వాటా అమ్మి, కంపెనీ లెక్కల గుమాస్తా దగ్గర పేరు మార్పించుకోవలసిందే.

నేటి షేరు స్వభావమూ అదే. బైబ్యాక్, అంటే కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనడం, కంపెనీ ఇష్టమే తప్ప మీ హక్కు కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొనేవారైనా ఉండేవారు. మీ బంధువు కంపెనీ షేర్లను రెండేళ్ల తర్వాత ఎవరు కొంటారు? పైగా ప్రైవేట్ కంపెనీ నియమావళి (ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్) షేర్ల బదిలీపై ఆంక్షలు పెట్టి తీరాలని చట్టమే చెబుతోంది.

కాబట్టి ఫీజు డబ్బును, అడ్మిషన్లకు నెల ముందు గడువు తీరేలా బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. బంధువును కాదనలేకపోతే, పదేళ్లు చేతికి రాకపోయినా ఇబ్బంది లేని చిన్న మొత్తమే ఇవ్వండి. సంతకానికి ముందు నియమావళిలో బదిలీకి సంబంధించిన నిబంధనలు చదివించుకోండి.