పీఎఫ్ పెన్షన్ ఆగిపోతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది తిరుపతి రూరల్ మండలంలోని ఒక పల్లె. నా భర్త చాలా ఏళ్లు మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక కాలం చేశారు. పీఎఫ్ కింద వచ్చే వితంతు పెన్షన్‌కు దరఖాస్తు చేస్తే, ఆధార్‌లోని ఆయన పేరుకూ మిల్లు రికార్డుల్లోని పేరుకూ తేడా ఉందనీ, యజమాని సంతకం లేదనీ తిప్పి పంపారు. కొందరు ఎమ్మెల్యే గారిని కలవమంటున్నారు, కొందరు ఎంపీ గారిని కలవమంటున్నారు. ఏ పార్టీలోనూ మాకు తెలిసినవాళ్లు లేరు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పీఎఫ్ సంస్థ కేంద్ర కార్మిక శాఖ పరిధిలోనిది కనుక మీరు కలవవలసింది ఎంపీ గారిని. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు వంటి రాష్ట్ర వ్యవహారాలైతే ఎమ్మెల్యే గారిని కలవవచ్చు, సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు.

అయితే ఏ ఎంపీ అన్న దగ్గర మీ వైపు చాలామంది పొరబడుతుంటారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి ప్రాంతం అందులో చేరినా, లోక్‌సభ నియోజకవర్గాల హద్దులు మాత్రం మారలేదు. మీ మండలం చంద్రగిరి శాసనసభ నియోజకవర్గంలోనిది, ఆ నియోజకవర్గం చిత్తూరు లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. కాబట్టి మీ ఊరు తిరుపతిని ఆనుకొనే ఉన్నా, మీరు వెళ్లవలసింది చిత్తూరు ఎంపీ కార్యాలయానికి.

యజమాని సంతకం విషయానికి మాత్రం అంతదూరం వెళ్లనక్కరలేదు. మూతపడిన సంస్థల కార్మికుల దరఖాస్తులను గెజిటెడ్ అధికారి, పోస్టుమాస్టరు, ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు వంటివారు ధ్రువీకరించవచ్చు. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు కూడా ఆ అధికారం ఉంది. మీ బ్యాంకు మేనేజరుతో మొదలుపెట్టండి.

ఇక మిగిలేది పేరులోని తేడా. ఎంపీ గారు అధికారిని ఆదేశించి పెన్షన్ ఇప్పించలేరు, నిబంధనను పక్కన పెట్టించలేరు. కానీ ఈ దరఖాస్తు ఏ కారణంతో ఆగింది, ఏ పత్రం ఇస్తే కదులుతుంది అని లిఖితపూర్వకంగా అడగగలరు, ఆ ప్రశ్నకు కార్యాలయం జవాబు చెప్పక తప్పదు. ఎంపీల లేఖ అందినట్టు 15 రోజుల్లోగా తెలియజేయాలని, ఆ తర్వాతి 15 రోజుల్లోగా సమాధానం పంపాలని కేంద్ర మంత్రిత్వ శాఖలకు నియమమే ఉంది.

అందువల్ల మీరిచ్చే అర్జీలో మీ కష్టమంతా ఏకరువు పెట్టడం కన్నా, ఆ ప్రశ్న తేటగా కనిపించడం ముఖ్యం. ఒక్క పేజీ చాలు. మీ భర్త పేరు రెండు చోట్లా ఎలా ఉందో అక్షరం మారకుండా రాసి, పీఎఫ్ ఖాతా సంఖ్య, దరఖాస్తు ఇచ్చిన తేదీ, రసీదు సంఖ్య, తిప్పి పంపిన కాగితంలోని కారణం తెలిపి, మీ తరఫున వివరాలు కనుక్కోవడానికి అనుమతిస్తున్నట్టు సంతకం చేయండి. మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు మాత్రమే జతచేయండి. అసలు పత్రాలు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు, ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ చెప్పవద్దు.

పార్టీ పరిచయం లేదని మీరు వెనకాడటం నాకు బాధ కలిగించింది. ఓటు వేసినవారికీ వేయనివారికీ ఎంపీ గారే ప్రతినిధి. మధ్యవర్తిని వెంటబెట్టుకోవలసిన పని లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు. అర్జీ ఇచ్చాక రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. పీఎఫ్ కార్యాలయానికి లేఖ వెళ్లాక దాని నకలు కూడా అడిగి తీసుకోండి.

నెల దాటినా కదలిక లేకపోతే ఆ నకలుతో మళ్లీ ఎంపీ కార్యాలయానికి వెళ్లండి. దానితోపాటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, మీ దరఖాస్తు ఏ అధికారి దగ్గర, ఏ తేదీ నుంచి ఉందో చెప్పమని పీఎఫ్ కార్యాలయాన్ని అడగండి. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో వారు సమాధానం ఇవ్వాలి.