గరిష్ఠ త్వరణం కలిస్తే సరిపోదు

ప్రశ్న: 2015లో నేపాల్‌లో వచ్చిన గోర్ఖా భూకంపానికి కాట్మండు లోయ ఎలా ఊగిందో కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేశాను. గ్రిడ్ దూరం (లెక్క కట్టే బిందువుల మధ్య ఎడం) 100 మీటర్లు. మోడల్‌లో ఎస్ తరంగాల (నేలను అడ్డంగా ఊపే భూకంప తరంగాల) అతి తక్కువ వేగం సెకనుకు 500 మీటర్లు. లోయలోని ఒక భూకంప నమోదు స్టేషన్ రికార్డుతో పోలిస్తే గరిష్ఠ త్వరణం చక్కగా కలిసింది. కానీ 4 సెకన్ల ఊపు కాలం దగ్గర నా స్పెక్ట్రమ్ (ఏ ఊపు కాలానికి ఎంత కదలికో చూపే గీత) రికార్డులో సగమే ఉంది. తప్పు ఎక్కడ వెతకాలి?
– పరిశోధక విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: కలిసిన ఆ గరిష్ఠ త్వరణాన్ని ముందు పక్కన పెట్టండి. ఒక తరంగదైర్ఘ్యానికి కనీసం 5 గ్రిడ్ బిందువులు కావాలనుకుంటే, 500ని 5×100తో భాగించాలి. 1 హెర్ట్జ్ (సెకనుకు ఒక ఊపు) వస్తుంది. అంతకు పైన మీ లెక్కను నమ్మలేం. గరిష్ఠ త్వరణాన్ని సాధారణంగా నిర్ణయించేది ఆ పైనున్న పౌనఃపున్యాలే కాబట్టి, అది కలవడం కాకతాళీయమే కావచ్చు. ఈ భూకంపంలోనే కాట్మండు పక్కనున్న కీర్తిపూర్‌లో రాతి నేల మీది స్టేషన్‌లో గరిష్ఠ త్వరణం లోయ మట్టి మీది స్టేషన్లకన్నా ఎక్కువ నమోదైంది. లోయ మాత్రం 4–5 సెకన్ల ఊపుతో చాలాసేపు కదిలింది. ఎత్తైన భవనాలకు ముఖ్యం ఆ ఊపే.

ఇప్పుడు రికార్డునూ సిమ్యులేషన్‌నూ ఒకే ఫిల్టర్‌తో, ఉదాహరణకు 0.1–1 హెర్ట్జ్ మధ్య, తరంగ శిఖరాలు కాలంలో ముందుకో వెనక్కో జరగకుండా వడకట్టండి. రికార్డుకు మాత్రమే ఫిల్టర్ వేసి పోల్చడం తరచూ జరిగే పొరపాటు. బేస్‌లైన్ సవరణ (రికార్డు సున్నా గీత పక్కకు జరిగి ఉంటే సరిచేయడం) అంతకు ముందే చేయాలి. మీ మోడల్ అక్షాలు ఫాల్ట్ (భూకంపంలో జారిన పగులు) వెంబడి ఉంటే, ఫలితాన్ని ఉత్తర-దక్షిణ, తూర్పు-పడమర దిశల్లోకి తిప్పాకే పోల్చాలి.

తర్వాత లోయను వదిలి, కీర్తిపూర్ రాతి స్టేషన్‌ను చూడండి. ఇది తప్పనిసరి. అక్కడా 4 సెకన్ల దగ్గర సగమే వస్తే ముందు అనుమానించాల్సింది లోయను కాదు, ఫాల్ట్ జారుడు నమూనాను: జారడానికి పట్టే కాలం, జారుడు ఎక్కడెక్కడ ఎంత అన్నవి మళ్లీ చూడాలి. రాతి మీద కలిసి లోయలో మాత్రమే తగ్గితే, స్పెక్ట్రమ్ శిఖరం ఎక్కడుందో చూడండి. మట్టి పొర తనంతట తాను ఒకసారి ఊగడానికి పట్టే స్వాభావిక కాలం ఉజ్జాయింపుగా 4×మందం÷ఎస్ తరంగ వేగం. సగటు వేగం సెకనుకు 500 మీటర్లయితే, 500 మీటర్ల మందం ఒండ్రుకు 4 సెకన్లు, 300 మీటర్లకు 2.4 సెకన్లు. శిఖరం పక్కకు జరిగితే లోతో వేగమో తప్పు. సరైన చోటే ఉండి పొట్టిగా ఉంటే క్షీణతను (మట్టిలో తరంగాల శక్తి తరిగిపోవడాన్ని) అనుమానించండి. వేగాన్ని సెకనుకు కిలోమీటర్లలో తీసుకుని 50తో గుణించి క్యూ విలువ పెట్టే అలవాటుంది; క్యూ ఎంత తక్కువైతే క్షీణత అంత ఎక్కువ. మీకు 25 వస్తుంది. పొరపాటున 10 పెట్టి ఉంటే శక్తి మరీ ఎక్కువగా మట్టిలోనే హరించుకుపోతుంది.

కదలిక ఎంతసేపు సాగిందో కూడా కొలవండి: ఏరియాస్ తీవ్రత (త్వరణ వర్గాన్ని కాలంతో కూడుతూ పోయే కొలత) 5 శాతం నుంచి 95 శాతానికి చేరే వ్యవధి. రికార్డులో తోక పొడవుగా, మీ దాంట్లో పొట్టిగా ఉంటే, లోయ అంచున పుట్టే ఉపరితల తరంగాలు మీకు రాలేదన్నమాట. మోడల్‌లో అంచును మరీ నునుపు చేశారేమో, తరంగాలను పీల్చే హద్దు లోయకు దగ్గరైందేమో చూడండి.

చివరగా, ప్రతి స్టేషన్‌లో రికార్డు స్పెక్ట్రమ్÷సిమ్యులేషన్ స్పెక్ట్రమ్‌కు సహజ లాగరిథమ్ తీసి, ఊపు కాలం వారీగా గీయండి. సిమ్యులేషన్ రికార్డులో సగం ఉంటే 0.69 వస్తుంది. అన్ని స్టేషన్ల సగటు, చెదురు రెండూ చూపండి. సిమ్యులేషన్ రికార్డుతో ఎంత కలిసిందో 0 నుంచి 10 వరకు మార్కులిచ్చే యాండర్సన్ పద్ధతి ఉపయోగకరమే. కానీ మొత్తం మార్కు ఒక్కటే ఇస్తే మీరు వెతుకుతున్న లోపం సగటులో మునిగిపోతుంది.

ప్రశ్న: 2024 డిసెంబరు 4న ములుగు భూకంపం హైదరాబాద్‌లోనూ తెలిసింది. మన నేల కూడా అలా ఊగుతుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: కాట్మండులా కాదు. నగరం కింద ఉన్నది గ్రానైట్. వందల మీటర్ల ఒండ్రు లేదు. అయితే చెరువు పూడ్చిన చోట 10 మీటర్ల వదులు మట్టి, అందులో ఎస్ తరంగ వేగం సెకనుకు 200 మీటర్లు ఉంటే స్వాభావిక కాలం 0.2 సెకను. రెండంతస్తుల ఇళ్ల కాలమూ దాదాపు అంతే. అలాంటి స్థలంలో కట్టే ముందు బోరు వేసి మట్టి పరీక్ష చేయించండి.