పొరుగు దేశం ఎన్నికల్లో మనకు గిట్టనివాళ్ళు గెలిస్తే ఏం చేయాలి?

ప్రశ్న ఇది: వేరే దేశంలో ఎన్నికలు సజావుగానే జరిగి మనకు గిట్టని పార్టీ గెలిస్తే, ఫలితాన్ని ఒప్పుకుని ఊరుకోవాలా, సాయం ఆపేసి దారికి తేవాలా?

ఫలితాన్ని ఒప్పుకోవడం, గెలిచినవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళకు డబ్బివ్వడం వేటికవే. మొదటిది వెంటనే జరిగిపోవాలి. రెండోది ఏదో ఒక స్థాయిలో ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. బేరం పెట్టాల్సింది మూడోదాని దగ్గరే, అదీ అన్ని పద్దుల మీదా కాదు. ఈ మూడింటినీ కలగాపులగం చేస్తే ఏమవుతుందో 2006లో పాలస్తీనాలో చూశాం.

ముందు ఓట్ల లెక్క చదవాలి. 2006 జనవరి 25న 132 సీట్లకు ఎన్నికలు జరిగితే సాయుధ ఇస్లామిస్టు సంస్థ హమాస్‌కు 74, అప్పటిదాకా అధికారంలో ఉన్న ఫతా పార్టీకి 45 వచ్చాయి. పాలస్తీనా మొత్తం హమాస్ వైపు తిరిగిపోయిందని చాలా రాజధానులు అనుకున్నాయి. కానీ సగం సీట్లు దేశం మొత్తం మీద పార్టీల జాబితాలకు పడిన ఓట్ల నిష్పత్తిలో, సగం జిల్లాలవారీగా నిండాయి. జాబితాలో హమాస్‌కు 44 శాతం, ఫతాకు 41 శాతం ఓట్లు, సీట్లు 29, 28. అంటే దాదాపు సమానం. తేడా అంతా జిల్లాల్లో వచ్చింది: 45, 17. జిల్లాలో ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు. హమాస్ సీట్లకు మించి అభ్యర్థులను పెట్టకుండా క్రమశిక్షణ పాటించింది. ఫతాలో టికెట్ దొరకనివాళ్ళు స్వతంత్రులుగా నిలబడి సొంత పార్టీ ఓట్లే చీల్చారు. ఈ లెక్క తెలిసినవాడు జీతాలు ఆపే ముందు ఆగుతాడు. ఎందుకంటే ఆగే జీతాల్లో ఫతాకు ఓటేసిన 41 శాతం మందివీ ఉంటాయి.

ఐదు రోజులకే అమెరికా, యూరోపియన్ యూనియన్, రష్యా, ఐక్యరాజ్యసమితి కలిసి మూడు షరతులు పెట్టాయి: హింస మానాలి, ఇజ్రాయెల్‌ను గుర్తించాలి, పాత ఒప్పందాలను ఒప్పుకోవాలి. హింస మానమనడం నూటికి నూరుపాళ్ళు న్యాయం. పౌరుల మీద ఆత్మాహుతి దాడులు చేసిన సంస్థను అడగాల్సిందే. లోపం షరతులు కట్టిన తీరులో ఉంది. అవి నామినేషన్లకు ముందు రాలేదు, ఫలితాల తర్వాత వచ్చాయి. అన్నీ ఒకేసారి తీర్చాలి, ఒకటి తీరిస్తే ఏమిస్తారో చెప్పలేదు. 2007 ఫిబ్రవరిలో మక్కాలో హమాస్, ఫతా రాజీపడి మార్చిలో ఉమ్మడి ప్రభుత్వం ఏర్పాటు చేసి, పాత ఒప్పందాలను గౌరవిస్తామన్నాయి. నార్వే ముందుకొచ్చి సంబంధాలు పెట్టుకుంది. అమెరికా కదల్లేదు. సగం దారి నడిచినవాడికి ఏమీ దక్కకపోతే మిగతా సగం ఎందుకు నడుస్తాడు? జూన్‌లో గాజా వీధుల్లో తుపాకులు పేలాయి, గాజా హమాస్ చేతికి పోయింది.

డబ్బు సంగతి ఇంకా వివరంగా చూడాలి. 1994 పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనా సరుకుల మీద కస్టమ్స్ సుంకాన్ని ఇజ్రాయెలే వసూలు చేసి నెలనెలా అప్పగించాలి. అప్పట్లో అది నెలకు సుమారు 5 కోట్ల డాలర్లు. హమాస్ గెలిచాక ఇజ్రాయెల్ దాన్ని ఆపేసరికి టీచర్లు, నర్సులు, పోలీసుల పొట్ట కొట్టినట్టయింది. ఉగ్రవాద సంస్థలకు డబ్బు చేరకూడదనే అమెరికా చట్టాలకు భయపడి బ్యాంకులు కూడా పక్కకు తప్పుకున్నాయి. దాంతో మంత్రులే ఈజిప్టు వైపున్న రఫా సరిహద్దు గుండా సూట్‌కేసుల్లో నగదు మోసుకొచ్చారు. బ్యాంకులో పడే డబ్బుకు లెక్క ఉంటుంది, సూట్‌కేసు డబ్బుకు ఉండదు. ఒత్తిడి తెచ్చినవాళ్ళకే ఆ సొమ్ము ఎటు పోతోందో కనబడకుండా పోయింది. ఆసుపత్రులకు ఇంధనం, వైద్య సిబ్బందికి నేరుగా భత్యం ఇచ్చే తాత్కాలిక ఏర్పాటును యూరప్ 2006 జూన్‌లో గానీ మొదలుపెట్టలేదు. అందుకే పోలింగ్‌కు ముందే సాయాన్ని మూడు పద్దులుగా విడగొట్టి పెట్టుకోవాలి: మనుషులకు నేరుగా చేరేది, ఖజానాలోకి వెళ్ళేది, ఆయుధాలకు, శిక్షణకు వెళ్ళేది. మొదటిదాన్ని ఎవరు గెలిచినా ముట్టుకోకూడదు. మూడోదాన్ని ఆ రోజే ఆపొచ్చు. బేరమంతా రెండోదాని మీదే.

సరిగ్గా చేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2023 సెప్టెంబర్‌లో మాల్దీవుల్లో 'ఇండియా అవుట్' నినాదంతో ముయిజ్జు 54 శాతం ఓట్లతో గెలిచారు. ప్రమాణ స్వీకారానికి మన ప్రభుత్వం కేంద్రమంత్రిని పంపింది. మర్నాడే ముయిజ్జు మన సైనికులను వెళ్ళిపొమ్మన్నారు. అక్కడున్నది 80 మంది వరకు; రెండు ధ్రువ్ హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానాన్ని నడుపుతూ ద్వీపాల నుంచి రోగులను తరలించేవాళ్ళు. సైనికులు 2024 మే 10 కల్లా వచ్చేశారు, వాళ్ళ స్థానంలో సివిల్ సాంకేతిక సిబ్బంది వెళ్ళారు. ఆయన మాట నెగ్గింది, రోగుల తరలింపు ఆగలేదు. అదే ఏడాది జనవరిలో ప్రధాని మోదీని ఎగతాళి చేస్తూ అక్కడి ఉపమంత్రులు పెట్టిన పోస్టులతో సోషల్ మీడియాలో బహిష్కరణ పిలుపులు హోరెత్తాయి. అయినా ఏప్రిల్‌లో మాల్దీవులకు ఎగుమతి కోటా ప్రకటించారు: 1,24,218 టన్నుల బియ్యం, 35,749 టన్నుల ఉల్లి, 42.75 కోట్ల గుడ్లు. బియ్యం, ఉల్లి ఎగుమతుల మీద మనమే ఆంక్షలు పెట్టుకున్న రోజులవి. తర్వాత మాల్దీవులు మనకు తీర్చాల్సిన 5 కోట్ల డాలర్ల స్వల్పకాలిక అప్పు (ట్రెజరీ బిల్లు) గడువు పొడిగించారు. అక్టోబర్‌లో ఆయన ఢిల్లీ వచ్చినప్పుడు 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదిరింది. ముయిజ్జు సాయుధ సంస్థ నాయకుడు కాదు కాబట్టి రెండు సందర్భాలూ ఒకటే అనను. పద్ధతి మాత్రం పాలస్తీనాలోనూ పనికొచ్చేదే.

ఆంక్షలు తప్పనిసరైతే, ఎప్పుడు ఎత్తేస్తారో కూడా మొదటి ప్రకటనలోనే రాయాలి. 2000లో ఆస్ట్రియా ప్రభుత్వంలో తీవ్ర జాతీయవాద నాయకుడు హైదర్ పార్టీ చేరినందుకు 14 యూరప్ దేశాలు సంబంధాలు తగ్గించుకున్నాయి, బయటపడే దారి రాసుకోలేదు. చివరికి ముగ్గురు పెద్దమనుషులను పంపి నివేదిక రాయించుకుని సెప్టెంబర్‌లో ఎత్తేయాల్సి వచ్చింది.

గట్టిగా పట్టుబట్టాల్సిన షరతు ఒకటుంది: వచ్చే ఎన్నికలు గడువుకు జరగాలి. గెలిచినవాళ్ళు ఆపినా, వాళ్ళను దించడానికి సైన్యం ఆపినా ఒకే స్పందన ఉండాలి. 1992 జనవరిలో ఇస్లామిస్టు పార్టీ గెలిచేలా ఉందని అల్జీరియా సైన్యం రెండో విడత పోలింగ్ రద్దు చేయించినప్పుడు పాశ్చాత్య దేశాలు చాలావరకు మౌనం వహించాయి, తర్వాత అంతర్యుద్ధంలో లక్షమందికి పైగా పోయారని అంచనాలు. పాలస్తీనాలోనూ 2006 తర్వాత పార్లమెంటు ఎన్నికలు జరగలేదు. 2021 మే 22కు పెట్టిన తేదీని ఫతాకు చెందిన అధ్యక్షుడు అబ్బాసే వాయిదా వేశారు. సాయం ఒప్పందంలో ఖజానా పద్దు కింద ఆ ఎన్నిక తేదీని రాసి, అది తప్పితే ఏ విడత సొమ్ము ఆగుతుందో పక్కనే రాయాలి. అధికారంలో మనకు నచ్చినవాడున్నా సరే.