ఆట చూడకుండా రన్నింగ్ కామెంటరీ ఎలా చెప్పేవాళ్లు?

ప్రశ్న: తొలి రోజుల్లో అమెరికన్ రేడియో వ్యాఖ్యాతలు స్టేడియానికి వెళ్లకుండా, స్టూడియోలో కూచునే బేస్‌బాల్ కామెంటరీ చెప్పేవారట. నిజమేనా? మా కమ్యూనిటీ రేడియోలో ఒక పాత క్రికెట్ మ్యాచ్‌ని ఆ పద్ధతిలో చేయాలని ఉంది. ఏమేం కావాలి?

జవాబు:

నిజమే. దాన్ని రీ-క్రియేషన్ అనేవాళ్లు, 1950ల దాకా నడిచింది. మంచి గొంతు ఉంటే చాలనుకుంటారు చాలామంది. గొంతు కన్నా ముఖ్యం, అసలు ఆటకి కావాలనే కాస్త వెనకబడి ఉండటం. అది కుదిరితే మిగతావి నేర్చుకోవచ్చు. కుదరకపోతే ఎంత మంచి గొంతైనా మధ్యలో ఆగిపోతుంది.

ఆటని ఒకరు చూడటం, ఇంకొకరు చెప్పడం రేడియోకి మొదటి నుంచీ ఉన్నదే. 1921 జూలై 2న జెర్సీ సిటీలో డెంప్సీ, కార్పెంటియర్‌ల బాక్సింగ్ పోటీ జరిగింది. రింగు పక్కన జె. ఆండ్రూ వైట్ ఫోన్‌లో చెబుతుంటే, హోబోకెన్ రైల్వే టెర్మినల్‌లో తాత్కాలికంగా పెట్టిన ట్రాన్స్‌మిటర్ దగ్గర జె. ఓవెన్ స్మిత్ రాసుకుని తన గొంతుతో చదివాడు. జనం విన్నది స్మిత్‌ని, వైట్‌ని కాదు. అదే ఏడాది అక్టోబరులో బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్‌కీ అంతే. న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్ మైదానం నుంచి ఒక పత్రికా విలేఖరి ఫోన్‌లో చెప్పింది నెవార్క్‌లో టామీ కోవన్ తిరిగి చెప్పాడు. ఈ రెంటికీ మధ్యలో, ఆగస్టు 5న, పిట్స్‌బర్గ్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో కేడీకేఏ స్టేషన్ తరఫున హెరాల్డ్ ఆర్లిన్ నేరుగా మైదానం నుంచే, ఫోన్‌ని మైకుగా మార్చుకుని, చెప్పాడు. అంటే రెండు పద్ధతులూ ఒకే ఏడాది పుట్టాయి.

నేరుగా చెప్పే వీలుండగా ఈ చుట్టుదారి ఎందుకంటే, గొంతుని మోసుకెళ్లే టెలిఫోన్ లైన్లు ఏటీఅండ్‌టీ అనే కంపెనీ చేతిలో ఉండేవి. 1922 వరల్డ్ సిరీస్‌కి దానికి పోటీ అయిన డబ్ల్యూజేజెడ్ స్టేషన్‌కి లైను దొరక్క వెస్టర్న్ యూనియన్ అనే తంతి కంపెనీ లైనుతో సరిపెట్టుకుంది. ఆ తీగ టక్కుటక్కుల కోసం వేసింది. మాట అందులో హోరుతో కలిసి వచ్చేది. తర్వాత లైన్లు అద్దెకు దొరికినా దూరాన్ని బట్టి ఖర్చు పెరిగేది. అందుకే సొంత ఊళ్లో జరిగే ఆటలు నేరుగా, బయటూరి ఆటలు తంతి మీద చెప్పడం అలవాటైంది.

పని ఇలా సాగేది. స్టేడియంలో ఒక తంతి ఆపరేటర్ ప్రతి బంతినీ మోర్స్ కోడ్‌లో, అంటే టక్కుటక్కుల సంకేతాల్లో, పంపుతాడు. ఈ సేవని వెస్టర్న్ యూనియన్ ‘పేరగ్రాఫ్ వన్’ అనేది. స్టూడియోలో రెండో ఆపరేటర్ సౌండర్ (తంతి అందుకుని టక్కుటక్కులాడే పరికరం) చప్పుడు విని టైపు కొట్టి చీటీ అందిస్తాడు. చప్పుడు స్పష్టంగా వినపడటానికి సౌండర్ వెనక ఖాళీ పొగాకు డబ్బా దూర్చేవాళ్లు. చీటీ మీద ‘ఎస్1సీ’ అని మాత్రమే ఉంటుంది. బ్యాటర్ బ్యాటు ఊపకుండానే అంపైర్ మొదటి స్ట్రైక్ ఇచ్చాడని దానర్థం. బంతి విసిరే పిచ్చర్ ఎలా నిలబడ్డాడు, బంతి ఎటు తిరిగింది, బ్యాటర్ మొహం ఎలా పెట్టాడు, ఇవేవీ అందులో ఉండవు. అవన్నీ వ్యాఖ్యాత తెచ్చుకోవాలి.

ఇక్కడే జనం తప్పుగా అనుకునేది ఒకటుంది. కల్పన ఎంతైనా చేయొచ్చని. చేయకూడదు. స్కోరు పుస్తకంలోకి ఎక్కని దాన్నే కల్పించాలి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రేగన్ ఉదంతం దీనికి సరైన ఉదాహరణ. 1930లలో ఆయన డెమోయిన్‌లోని డబ్ల్యూహెచ్ఓ స్టేషన్‌లో, దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో షికాగోలో జరిగే కబ్స్ ఆటలు ఇలాగే చెప్పేవాడు. ఒకసారి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తంతి ఆగిపోయింది. అదే ఆటని వేరే స్టేషన్లూ ఇస్తున్నాయి కనక ‘ఆగిపోయింది’ అంటే శ్రోతలు అటు తిప్పేస్తారు. తీగ మళ్లీ పలికేదాకా ఆరు నిమిషాలకు పైగా బ్యాటర్ చేత ఫౌల్ మీద ఫౌల్ (గీత బయటికి పోయే దెబ్బ) కొట్టించానని ఆయనే చెప్పుకున్నాడు. బ్యాటర్ పేరు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా చెప్పాడు.

ఫౌలే ఎందుకు? బేస్‌బాల్‌లో మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్. కానీ రెండు స్ట్రైకుల తర్వాత కొట్టిన ఫౌల్ లెక్క మార్చదు. రెండు రెండుగానే ఉంటుంది. ఎన్ని కొట్టించినా మర్నాడు పేపర్లో వచ్చే స్కోరుతో గొడవ రాదు. నిబంధనల్లో ఉన్న ఆ ఒక్క సందే వ్యాఖ్యాతకి ఊపిరి. క్రికెట్‌లో ఆ సందు లేదు. ప్రతి బంతీ, వైడ్, నోబాల్‌తో సహా, స్కోరు పుస్తకంలోకి ఎక్కుతుంది. కాబట్టి ఆలస్యం చేయాలంటే బంతులు కల్పించకండి. ఫీల్డింగ్ మార్పు, సైట్ స్క్రీన్ జరపడం, బ్యాటర్ గ్లవ్స్ మార్చుకోవడం, ఇద్దరు బ్యాటర్లు పిచ్ మధ్యలో మాట్లాడుకోవడం వాడుకోండి. వాన మాత్రం కురిపించొద్దు. ఆ రోజు ఆ ఊళ్లో ఉన్నవాళ్లెవరో వింటూనే ఉంటారు.

మీ ఏర్పాటు. ముగ్గురు కావాలి: చీటీలు రాసేవారు, వ్యాఖ్యాత, శబ్దాలు చేసేవారు. బంతి బంతికీ వివరం దొరికే మ్యాచ్‌నే ఎంచుకోండి. ఉత్త స్కోరుకార్డుతో కుదరదు. ఒక్కో బంతికి ఒక్కో చీటీ. పై సగంలో ఓవర్ సంఖ్య, బౌలర్, బ్యాటర్. కింది సగంలో పరుగులు, బంతి వెళ్లిన దిక్కు, అప్పటి మొత్తం స్కోరు. చీటీని మధ్యకి మడవండి. వ్యాఖ్యాత ముందు పై సగమే చూడాలి, బౌలర్ చేతి నుంచి బంతి వదిలాడు అన్నాకే మడత విప్పాలి. ఈ జాగ్రత్త ఎందుకంటే, వికెట్ పడుతుందని ముందే తెలిసిన గొంతు బౌలర్ పరుగు దగ్గరే మారిపోతుంది. వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు. రీ-క్రియేషన్లు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మొదట్లో చెప్పిన వెనకబడి ఉండటం అంటే ఇదే: బల్ల మీద ఎప్పుడూ కనీసం ఆరు చీటీలు, అంటే ఒక ఓవర్, నిల్వ ఉండాలి. రెండుకి తగ్గిందంటే చీటీలు రాసేవారు చెయ్యెత్తాలి, వ్యాఖ్యాత ఫీల్డింగ్ మార్పులోకి వెళ్లాలి. ఫాస్ట్ బౌలర్ ఓవర్‌కి నాలుగు నిమిషాలు, స్పిన్నర్‌కి మూడు లోపు పట్టేలా చదవండి. అన్ని బంతులకీ ఒకే వ్యవధి ఇస్తే రైలు టైంటేబుల్ చదివినట్టుంటుంది.

శబ్దాల సంగతి. అప్పట్లో బ్యాటు దెబ్బకి చెక్క దిమ్మ మీద కర్రతో కొట్టేవాళ్లు, జనం హోరుకి గ్రామఫోన్ రికార్డు పెట్టేవాళ్లు. పదంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే నడుస్తుంది. రెండో యంత్రం మీద ఇంకోటి సిద్ధంగా లేకపోతే వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకున్నట్టు వినపడుతుంది. పిట్స్‌బర్గ్ వ్యాఖ్యాత రోసీ రోస్‌వెల్ హోమ్ రన్‌కి, అంటే మన సిక్స్ లాంటి దెబ్బకి, ఇనప సామాను నింపిన ట్రే కింద పడేయించేవాడు. కొట్టిన బంతి వెళ్లి ఆంట్ మిన్నీ అనే ఆవిడ కిటికీ బద్దలుకొట్టిందని చెప్పేవాడు.

మీరు పాత బ్యాటునీ, దారానికి వేలాడదీసిన బంతినీ వాడండి. వ్యాఖ్యాత మైకుకి కనీసం మీటరు దూరంలో కొట్టండి. దగ్గరైతే ఆ దెబ్బకి శబ్దం చిట్లుతుంది. జనం హోరుని నిమిషం ముక్కగా కోసి తిప్పొద్దు. అందులో ఒక ఈల ఉంటే నిమిషానికోసారి అదే ఈల వస్తుంది. పది నిమిషాలకు తగ్గని ముక్క తీసుకోండి. చప్పట్లు, కేకలు విడిగా ఉంచుకోండి. వరస ఇది: బ్యాటు చప్పుడు, అర సెకను ఆగి జనం, ఆ తర్వాత మాట. మాట ముందొస్తే భ్రమ పోతుంది. ఎవరి ఊళ్లో ఆటో చూసుకోండి. అతిథి జట్టు సిక్స్ కొడితే స్టేడియం ఊగిపోదు.

ఈ హంగులు అసలొద్దన్న పెద్దమనిషి బేస్‌బాల్ వ్యాఖ్యాత రెడ్ బార్బర్. ఆయన సౌండర్ టక్కుటక్కులు మైకులో వినపడనిచ్చేవాడు. తాను మైదానంలో లేనని శ్రోతకి తెలియాలని. నా ఓటు ఆయనకే. శబ్దాలు వాడినా సరే, మొదట్లోనూ విరామం తర్వాతా ఇది స్కోరు చూసి చెబుతున్న పునఃసృష్టి అని చెప్పండి. జరుగుతున్న మ్యాచ్ జోలికి మాత్రం వెళ్లకండి. 1938లో పిట్స్‌బర్గ్‌లో కేక్యూవీ అనే స్టేషన్ మైదానం బయట ఒక చోటు అద్దెకు తీసుకుని, అక్కణ్నుంచి ఆట చూసి వార్తలిస్తుంటే పైరేట్స్ జట్టు కోర్టుకెళ్లి ఆపించింది. హక్కుల గొడవలు అంత పాతవి. ఇక్కడి నియమాలు మీ స్టేషన్ వాళ్లని అడిగి తెలుసుకోండి.

బార్బర్ దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ఆయన ముందు కోడిగుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే మూడు నిమిషాల ఇసుక గడియారం ఉండేది. ఇసుక అయిపోగానే స్కోరు చెప్పి దాన్ని తిరగేసేవాడు, అప్పుడే రేడియో పెట్టినవాళ్ల కోసం. మీరూ ఒకటి పెట్టుకోండి. ఓవర్ చివర స్కోరు ఎలాగూ చెబుతారు. ఓవర్ మధ్యలో, మూడో బంతి చీటీ మీద, ఎర్ర గీత గీసి అక్కడా ఒకసారి చెప్పండి.