థెరపిస్టే కలలోకి వస్తున్నారు... వైద్యం మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. నాన్నగారు పోయిన తర్వాత నిద్ర పట్టక, దేని మీదా మనసు నిలవక గుంటూరులో ఒక సైకోథెరపిస్ట్ దగ్గరకు వారానికోసారి వెళుతున్నాను. ఆయన కలల గురించి కూడా అడుగుతారు. కొంతకాలంగా ఆయనే కలలోకి వస్తున్నారు. ఒకసారి మా ఇంట్లో నాన్నగారి కుర్చీలో కూర్చుని నన్ను కోప్పడ్డారు. మరోసారి దుర్గా ఘాట్‌లో చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నారు. ఆయన సెలవు పెడితే వారమంతా చిరాకుగా ఉంటుంది. పెళ్లయినదాన్ని, ఇది తప్పేమోనని సిగ్గుగా ఉంది. అమ్మ పంచాంగంలో స్వప్న ఫలాలు చూసి కీడు అంటోంది. ఈ కలలకు అర్థమేమిటి? థెరపీ మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: థెరపీ మానేయవద్దు. నాకు రాసిన ఈ రెండు కలలనూ, ఆయన సెలవు పెట్టినప్పుడు కలిగే చిరాకునూ, మీ సిగ్గునూ ఉన్నవి ఉన్నట్టుగా ఆయనకే చెప్పండి. వాటి అర్థం మాత్రం నేను చెప్పను. మిమ్మల్ని ఎన్నడూ చూడని వైద్యుడు నాలుగు వాక్యాలు చదివి చెప్పే అర్థం, మీ అమ్మగారు పంచాంగంలో చూసిన ఫలం కన్నా నమ్మదగినదేమీ కాదు.

స్వప్న ఫలాల పట్టికలో పాము కనిపించినా, నీళ్లు కనిపించినా కల ఎవరిదన్న దానితో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే ఫలం రాసి ఉంటుంది. 1899 చివర్లో వెలువడిన స్వప్న విశ్లేషణ గ్రంథంలో మనోవిశ్లేషణ పద్ధతికి ఆద్యుడైన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇందుకు భిన్నమైన పద్ధతి చెప్పారు. కలను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్క దగ్గర ఆగి, దాన్ని తలచుకోగానే మనసులో ఏది మెదిలితే అది దాచకుండా చెప్పమని కల కన్నవారినే అడగాలన్నారు. కలలో పైకి కనిపించే కథ వేరు, దాని వెనుక ఉన్న ఆలోచనలు వేరు అన్నది ఆయన సిద్ధాంతం. ఇద్దరు మనుషులు కలలో ఒక్కరుగా కలిసిపోవచ్చని, ఒకరి మీద ఉన్న భావం మరొకరి మీదకు మళ్లవచ్చని కూడా ఆయన వివరించారు. తర్వాతి ముద్రణల్లో ఆయనే ఫలానా వస్తువుకు ఫలానా అర్థమంటూ సంకేతాల భాగాన్ని పెంచుకుంటూ పోయారు. నా దృష్టిలో ఆ గ్రంథంలో బలహీనమైన భాగం అదే. మీ నాన్నగారి కుర్చీ ఇంట్లో ఎక్కడ ఉండేది, అందులో కూర్చుని ఆయన మిమ్మల్ని ఎప్పుడు, దేనికి కోప్పడేవారు అన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా.

ఇక మీ సిగ్గు సంగతి. చిన్ననాటి నుంచి తల్లి మీద, తండ్రి మీద ఉన్న ప్రేమ, భయం, అలక, కోపం చికిత్స సాగేకొద్దీ థెరపిస్ట్ మీదకు మళ్లడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఇది రోగి చేసే తప్పు కాదు, శీలానికి సంబంధించిన విషయమూ కాదు. మన గుంటూరు, బెజవాడ ప్రాంతాల్లోనైతే రెండు మూడుసార్లు వచ్చిన పేషెంట్ డాక్టర్‌ను 'మా నాన్నగారి లాంటివారు' అనడం, ఇంట్లో శుభకార్యానికి పిలవడం మామూలే కాబట్టి, ఇది మర్యాద చాటున ఇంకా తేలిగ్గా దాగిపోతుంది.

దాన్ని సకాలంలో గుర్తించకపోతే ఏమవుతుందో ఫ్రాయిడ్ అనుభవమే చెబుతుంది. 1900లో ఆయన దగ్గరకు వచ్చిన పద్దెనిమిదేళ్ల యువతికి ఆయన రచనల్లో డోరా అని మారుపేరు. ఇల్లు తగలబడుతుంటే తండ్రి మంచం పక్కన నిలబడి తనను లేపినట్టు ఆమెకు పదేపదే కల వచ్చేది; మెలకువ వచ్చాక ప్రతిసారీ పొగ వాసన తెలిసేదని తర్వాత చెప్పింది. ఫ్రాయిడ్ చుట్టలు కాల్చేవారు, ఆమె తండ్రికీ పొగ అలవాటుండేది. కలలోని వివరాలకు ఆయన ఎంతో నేర్పుగా అర్థాలు చెప్పారు గానీ, ఆమె మనసులో తండ్రి స్థానం మొదలుకొని తాను ఎవరెవరి స్థానంలో నిలిచారో అన్నదాన్ని వేళకు అందుకోలేకపోయారు. ఆ ఏడాది ముగిసేలోపే ఆమె చికిత్స మానేసింది. ట్రాన్స్‌ఫరెన్స్‌ను సకాలంలో పట్టుకోలేకపోయానని 1905లో ప్రచురించిన వివరణలో ఆయనే ఒప్పుకున్నారు. మీరు చెప్పకుండా మానేస్తే మీ థెరపిస్ట్‌కూ ఆ అవకాశం పోతుంది.

నిద్ర శాస్త్రం దీన్నంతా ఒప్పుకోదన్నది నిజమే. కలలు ఎక్కువగా వచ్చే, కనుగుడ్లు వేగంగా కదిలే నిద్ర దశను 1953లో గుర్తించాక, మెదడులో దానంతట అదే పుట్టే సంకేతాలను మనసు కథగా అల్లుకోవడమే కల అని 1977లో హాబ్సన్, మెకార్లీ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ వాదం ఇంకా తెగలేదు. అయితే కల ఎలా పుట్టినా, దాని గురించి మాట్లాడుతున్నప్పుడు మీకు గుర్తొచ్చేవి మీ జ్ఞాపకాలే కాబట్టి చికిత్సకు అవి పనికొస్తాయి.

చెప్పిన తర్వాత ఆయన ఎలా స్పందిస్తారో గమనించండి. మంచి థెరపిస్ట్ నవ్వులాటగా తీసుకోరు, మందలించరు, పొంగిపోరు, ఇంకా చెప్పమంటారు. తన అర్థమే సరైనదని పట్టుబట్టినా, బయట కలుద్దామన్నా, వేళకాని వేళ ఫోన్లు, మెసేజ్‌లు మొదలుపెట్టినా, తాకినా అది వైద్యం కాదు. వెంటనే మానేసి మరొకరిని కలవండి, ఫిర్యాదు చేయడానికీ వెనుకాడవద్దు. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆయన మీద ఉంది. మీ భర్తకు ఈ కలలు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, తొందరేమీ లేదు.

మీరు ఏవైనా మందులు వాడుతున్నారో లేదో రాయలేదు. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు, బీపీకి వాడే బీటా బ్లాకర్లు కలలను మరీ స్పష్టంగా, కలవరపెట్టేలా చేయగలవు. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపేయకుండా, రాసిన డాక్టర్‌కు ఈ సంగతి చెప్పండి. బతకాలని లేదనే ఆలోచనలు వస్తే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.