డిగ్రీలోనే స్టాటిస్టిక్స్ పరిశోధన: గైడ్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి?

ప్రశ్న: అనంతపురంలో బి.ఎస్సీ. స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మా మేడమ్ గైడ్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు. 'మా జిల్లా వ్యవసాయంపై వాతావరణ మార్పు ప్రభావం' అని అంశం రాసిస్తే, 'ఇది డిగ్రీలో తేలేది కాదు, చిన్నది చేసుకుని రా' అన్నారు. ఎలా చిన్నది చేయాలి?

జవాబు: మీ మేడమ్ సరైన మాటే చెప్పారు. అంశం వేరు, ప్రశ్న వేరు. ఏం కొలుస్తున్నాం, ఎక్కడ, ఏ సంవత్సరాల్లో, ఏ లెక్కతో తేలుస్తాం అన్నవి నాలుగూ తేలితేనే అది ప్రశ్న అవుతుంది. మీ అంశంలోంచే ఒకటి తీద్దాం: '1981 నుంచి 2020 వరకు అనంతపురం దగ్గర జూన్–సెప్టెంబర్ మధ్య వచ్చే అతి పొడవైన బెట్ట (వాన లేని రోజుల వరస) ఏటికేడు పెరుగుతోందా?' వేరుశనగ రైతును మొత్తం వాన ఎంత అన్నదానికంటే మధ్యలో ఎన్నాళ్లు బెట్ట పెట్టిందన్నదే ఎక్కువ దెబ్బతీస్తుంది. అందుకే ఈ చిన్న ప్రశ్నకూ బరువుంది.

దీనికి కావలసిన డేటా ఉచితంగా దొరుకుతుంది. భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని అక్షాంశ, రేఖాంశాల్లో 0.25 డిగ్రీల గళ్లుగా ఇస్తోంది. ఏడాదికో ఫైలు, ఒక్కో రోజుకు 135 నిలువు, 129 అడ్డ గళ్లు. ఇది బైనరీ ఫైలు, ఎక్సెల్‌లో తెరుచుకోదు. పైథాన్‌లో 'ఐఎండీలిబ్' ప్యాకేజీ చదివి పెడుతుంది. అనంతపురం పట్టణానికి దగ్గరి గడి 14.75 ఉత్తరం, 77.5 తూర్పు. జిల్లా మొత్తం తీసుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త: 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయింది. పాత హద్దులా, కొత్త హద్దులా అన్నది మొదటే తేల్చుకుని చివరిదాకా వాటితోనే ఉండాలి.

ఇక్కడ తప్పులు ఎక్కువగా జరిగేది లెక్కలో కాదు, డేటా సర్దేటప్పుడు. విలువ లేని గళ్లలో -999 ఉంటుంది, దాన్ని తీసేయకుండా సగటు కడితే వాన మైనస్‌లోకి పోతుంది. జూన్ 1 మామూలు ఏడాదిలో 152వ రోజు, లీపు ఏడాదిలో 153వది. ప్రోగ్రాంలో 152 అని స్థిరంగా రాసేస్తే నాలుగేళ్లకోసారి మే 31 లోపలికొస్తుంది. ఏ తేదీ కింద ఉన్న వానైనా ఆ ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలది. ఉపగ్రహ డేటాతో పోల్చబోతే వాన ఒక రోజు అటూ ఇటూ అయినట్టు కనిపించడానికి కారణం ఇదే. వాన రోజంటే వాతావరణ శాఖ లెక్కలో కనీసం 2.5 మిల్లీమీటర్లు. సున్నా కంటే ఎక్కువైతే చాలు అనుకుంటే బెట్టలన్నీ తునకలైపోతాయి, జవాబే మారిపోవచ్చు.

ఇప్పుడు ఏడాదికో అంకె చొప్పున 40 అంకెలు చేతికొస్తాయి. ధోరణి (ఏటికేడు పెరగడం లేదా తగ్గడం) ఉందో లేదో చూసే మాన్–కెండాల్ పరీక్ష వీటిని జతలు జతలుగా పోలుస్తుంది. మొత్తం 780 జతలు. తర్వాతి ఏడాది విలువ పెద్దదైతే +1, చిన్నదైతే -1. ఈ మొత్తమే ఎస్. ధోరణి ఏమీ లేకపోతే, సమాన విలువలు లేకపోతే ఎస్‌కు ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) సుమారు 86. అంటే 5 శాతం స్థాయిలో (లేని ధోరణిని ఉందని పొరబడే అవకాశం 5 శాతమే ఉండేలా) ధోరణి ఉందనాలంటే ఎస్ కనీసం 170 (లేదా -170) కావాలి. బెట్ట పొడవు రోజుల్లో కొలుస్తాం కనుక సమాన విలువలు తప్పక వస్తాయి, విచలనాన్ని సవరించాలి. 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాషలోని 'ట్రెండ్' ప్యాకేజీ ఆ సవరణ తనే చేస్తుంది, ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పే సెన్ వాలు కూడా ఇస్తుంది. కానీ ఒకసారి పదేళ్ల డేటా మీద చేత్తో చేసి చూడండి. 45 జతలే కదా, అరగంట పని. మేడమ్ 'ఈ ఎస్ ఏమిటి?' అంటే తడుముకోనక్కర్లేదు.

ఒక గడితో తృప్తి పడక పక్కనున్న 12 గళ్లూ పరీక్షించి, ఒకదానిలో ధోరణి వచ్చిందని రాయడం చాలామంది చేసే పొరపాటు. గళ్లు ఒకదానికొకటి సంబంధం లేనివే అనుకున్నా, ఎక్కడా ధోరణి లేకపోయినా 12లో కనీసం ఒకటి 'ఉంది' అనే అవకాశం 46 శాతం. నిజానికి పక్కపక్క గళ్లు స్వతంత్రం కావు, ఒకే వర్షమాపక కేంద్రాల నుంచి అంచనా కట్టినవి. మాపకాల సంఖ్య ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది కూడా. మీకు కనిపించిన ధోరణి ఆకాశానిదా, మాపకాలదా? గైడ్‌తో కూర్చుని మాట్లాడాల్సింది దీని గురించి. ఫైలు తెరుచుకోవడం గురించి కాదు.

అసలు డేటా ముట్టుకోకముందు ఇంకో పని చేయమంటాం. ధోరణి లేని 40 ఏళ్ల అంకెల్ని కంప్యూటర్‌లో పుట్టించి 1,000 సార్లు పరీక్షించండి. దాదాపు 50 సార్లు 'ధోరణి ఉంది' రావాలి. బాగా తేడా వస్తే మీ ప్రోగ్రాంలో తప్పుంది. తర్వాత పదేళ్లకు రెండు రోజుల పెరుగుదల కలిపి మళ్లీ చూడండి. వెయ్యిలో సగం సార్లు కూడా అది పట్టుబడకపోతే, 'ధోరణి లేదు' అని తేల్చే హక్కు మీ 40 ఏళ్లకు లేదన్నమాట.

మేడమ్ దగ్గరికి ఒకే పేజీ తీసుకెళ్లండి. ప్రశ్న ఒక వాక్యంలో, డేటా ఎక్కడిదో, మీరే గీసిన ఒక గ్రాఫ్, ఎక్కడ ఆగిపోయారో. గ్రాఫ్ తప్పయినా ఫరవాలేదు, అది లేకుండా మాత్రం వెళ్లవద్దు.

ప్రశ్న: పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ కార్మిక శక్తి సర్వే) డేటాతో తెలంగాణ నిరుద్యోగిత లెక్కగట్టాను. ప్రభుత్వ నివేదికలోని అంకెతో కలవడం లేదు. గైడ్‌కు ఎలా చూపించను? (వరంగల్)

జవాబు: ఇంకా చూపించకండి. ముందు అచ్చయిన అంకెను మీ చేత్తో రప్పించాలి, ఆ తర్వాతే కొత్త ప్రశ్న. కలవకపోవడానికి మామూలుగా కారణం వెయిట్లు, అంటే సర్వేలోని ఒక్కొక్కరు బయట ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు. 2025కు ముందటి డేటాలో ఫైలులో ఇచ్చిన వెయిట్ అంకెను (గుణకాన్ని) నేరుగా వాడకూడదు. అదే ఫైలులోని ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే గడుల విలువలు సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది అంచనాకైతే త్రైమాసికాల సంఖ్యతో కూడా. రెండోది, పట్టణాల్లో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్తారు. వార్షిక అంకెకు తొలి సందర్శన ఫైలే వాడాలి. మూడోది, గత ఏడాది మొత్తాన్ని చూసే 'సాధారణ స్థితి' నిరుద్యోగిత వేరు, 'గత వారం స్థితి' నిరుద్యోగిత వేరు. వయసు 15 పైనా, అందరూనా అన్నదీ చూడండి. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతే మారింది కనుక అంతకుముందు అంకెల పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకండి.

ప్రశ్న: మా సార్‌కు తీరిక ఉండదు. రెండు వారాలైనా మెయిల్‌కు జవాబు రాదు. పైగా నాలుగో ఏడాది 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవాలని ఉంది. (గుంటూరు)

జవాబు: 'ఎలా ముందుకెళ్లాలి సార్?' అన్న మెయిల్‌కు జవాబు రాయాలంటే ఆయన అరగంట ఆలోచించాలి. 'శుక్రవారంలోగా మీరు వద్దనకపోతే 2.5 మిల్లీమీటర్ల హద్దుతోనే వెళ్తాను' అంటే ఒక్క మాట చాలు. ప్రతి వారం ఒకే రోజున అరపేజీ పంపండి: ఏం చేశాను, ఏం తేలింది, వచ్చే వారం ఏం చేస్తాను. జవాబు రాకపోయినా పంపడం మానొద్దు. పేపర్‌లో ఎవరి పేరు ముందుంటుందన్నది పని మొదట్లోనే మర్యాదగా అడగండి, చివర్లో అడిగితే ఇద్దరికీ ఇబ్బంది. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికల జోలికి సార్ చెప్పినా పోకండి.

యూజీసీ 2022 మార్గదర్శకాల ప్రకారం నాలుగో ఏడాది పరిశోధనకు తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి, ప్రాజెక్టు 12 క్రెడిట్లు. ఈలోగా బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. దానికి సార్ సిఫారసు లేఖ కావాలి. మీ వారం వారం అరపేజీలు ఆయన దగ్గర ఉంటే, ఆ లేఖలో రాయడానికి ఆయనకు మీ పనే దొరుకుతుంది.