బరంపురం–విశాఖ రూటులో హైడ్రోజన్ బస్సు గిట్టుబాటవుతుందా?

బరంపురం నుంచి విశాఖకు సొంత బస్సు తిప్పుతున్నామనీ, నీళ్లతో నడిచే హైడ్రోజన్ బస్సు కొంటే డీజిల్ బాధ తప్పుతుందా అనీ అడిగారు. నీళ్లతో నడవదండీ. నీళ్లు పొగగొట్టంలోంచి బయటికొచ్చేవి. ట్యాంకులో నింపేది 350 బార్ ఒత్తిడిలో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 350 రెట్లలో, కుక్కిన హైడ్రోజన్.

ముందు కరెంటు లెక్క చూడండి. బస్సుకి 100 కిలోమీటర్లకు 8 నుంచి 10 కిలోలు కావాలి. మీ రూటు ఒకవైపు దాదాపు 270 కిలోమీటర్లు, అంటే 24 కిలోలు. నీటిని విడగొట్టి కిలో తియ్యడానికి 50–55 యూనిట్లు, కుక్కడానికి ఇంకో రెండు మూడు. వెరసి 1,250–1,400 యూనిట్లు. అదే దూరం బ్యాటరీ బస్సు, చార్జింగ్‌లో పోయేది కలుపుకున్నా, 400 లోపే లాగించేస్తుంది. పోనీ సహజవాయువు నుంచి తీసిన చవక హైడ్రోజన్ కొందామంటే, కిలోకి 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీ దగ్గరే గాల్లో కలుస్తుంది. ఇక శుభ్రం ఎక్కడిది?

మన వైపు అసలు తిప్పలు ఉప్పుగాలితో. బస్సులో హైడ్రోజన్‌నీ గాలిలోని ఆక్సిజన్‌నీ కలిపి కరెంటు పుట్టించే పెట్టెని స్టాక్ అంటారు, అది బయటి గాలిని పీలుస్తుంది. ఆ గాలి ఉప్పులోని సోడియం స్టాక్ లోపలి పలచటి పొరలోకి చేరి, దాన్ని దాటాల్సిన ప్రోటాన్లకు (హైడ్రోజన్ అయాన్లకు) దారి మూస్తుంది, క్లోరైడ్ లోపల చర్యను నడిపించే ప్లాటినాన్ని కరిగిస్తుంది. గోపాల్‌పూర్, సోంపేట పక్కన తిరిగే బండికి మామూలు దుమ్ము ఫిల్టర్ చాలదు, రసాయన ఫిల్టర్ ఉండాలి. అదీ కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే మార్చాలి. వెల్డింగ్ షాపుల సిలిండర్ హైడ్రోజన్ అస్సలు వద్దు. బస్సులో నింపే హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 0.2 పాళ్లు, గంధకం వంద కోట్లలో 4 పాళ్లు దాటకూడదు. మోనాక్సైడ్ పడితే స్టాక్ మళ్లీ కోలుకోవచ్చు, గంధకం పడితే చాలావరకు అంతే సంగతులు.

కొండదారిలో మోహన వైపు ట్రిప్పులుంటే ఇంకోటి. డీజిల్ ఇంజన్ వేడిలో పెద్ద భాగం పొగతో పోతుంది. స్టాక్ 60–80 డిగ్రీల్లోనే పనిచేస్తుంది కాబట్టి వేడి దాదాపు అంతా రేడియేటరే మొయ్యాలి. మే నెలలో తప్తపాణి ఘాటీ ఎక్కేటప్పుడు రేడియేటర్ చిన్నదైతే కంట్రోలరే పవర్ తగ్గించేస్తుంది. బండి పాడైందనుకుంటారు, కాదు.

నా మాట: మీకు బ్యాటరీ బస్సే, విశాఖలో ఒక చార్జింగ్‌తో. హైడ్రోజన్ ఆగకుండా దూరాలు తిరిగే బరువు లారీలకు, అదీ పంపు డిపోలోనే ఉంటే. విశాఖ దగ్గరి పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన అయింది గానీ, స్టీలు గొట్టాల ట్రైలర్ మీద తెప్పిస్తే ఒక లోడుకి మూడు నాలుగు వందల కిలోలే వస్తాయి.

అయినా కొంటానంటే ముందు షెడ్డు చూసుకోండి. రేకుల కప్పు కొన దగ్గర గాలి పోయే సందు లేకపోతే లీకైన గ్యాసు అక్కడే చేరుతుంది. గాల్లో 4 శాతం చేరితే చాలు, స్విచ్ నిప్పురవ్వకే అంటుకుంటుంది. పగటిపూట ఆ మంట కంటికి కనపడదు కూడా.